నూట నలభై మూడో వరస

మాల్యాద్రి పోయిన పదకొండో రోజున నేను మార్కాపురం వెళ్ళాను. అతని భార్య భ్రమరాంబ చాప పరిచి నన్ను కూర్చోబెట్టి, కళ్ళు తుడుచుకుని, ఒక్కటే అడిగింది.

"అక్కా, పెళ్ళికి ముందు ఆయన హైదరాబాదులో ఏం పని చేసినాడు? సర్కారు ఉద్యోగం ఎందుకు వదిలేసి వచ్చినాడు? ముప్పై ఏళ్ళు అడిగినా. ఒక్కనాడు నోరు విప్పలేదు. నీకు తెలుసంట గదా."

నాకు తెలుసు. నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. అయినా "ఏవో మిషన్ల పనిలేమ్మా" అని గొణిగి, ఇచ్చిన మంచినీళ్ళు తాగి, బస్సెక్కి గిద్దలూరు వచ్చి పడ్డాను. దారి పొడుగునా నా మీద నాకే ఒళ్ళు మండిపోయింది. అరవై నాలుగేళ్ళు వచ్చాయి, పింఛను నెలనెలా వస్తోంది, ఇంకా ఎవరికి భయపడి నోరు మూసుకోవాలి? అందుకే రాస్తున్నాను. నా పేరు లీదియా. టైపిస్టుగా పనిచేసి రిటైరయ్యాను.

మార్కాపురం జనానికి అతను రేడియో మాల్యాద్రి. బస్టాండు పక్క దుకాణం. కనిగిరి నుంచి, పామూరు నుంచి కూడా పాడైన సెట్లు గోనెసంచిలో పెట్టుకుని వచ్చేవాళ్ళు. అతను మాట్లాడేవాడు కాదు, సెట్టు మాట్లాడేది. అట్లాంటి మనిషి ఇరవై నాలుగేళ్ళ వయసులో ఒక కంప్యూటరుకు లోపలి బుద్ధంతా రాసిపెట్టాడంటే ఈ ఊరు నవ్వుతుంది. నవ్వితే నవ్వనీ. నేను నా కళ్ళతో చూశాను.

అప్పుడు మేం కర్నూలు జిల్లా వాళ్ళం, ఒంగోలు జిల్లా ఇంకా పుట్టలేదు. హైదరాబాదులో ఒక పరిశోధనాలయం ఉండేది. పేరెందుకు లెండి, ఇప్పుడది లేదు. అందులో మా పడమటి ప్రాంతం వాళ్ళం ముగ్గురం. పెద్దాయన చంద్రశేఖరరావు, గిద్దలూరు కరణంగారి అబ్బాయి, బొంబాయిలో పెద్ద చదువు చదివి వచ్చినవాడు. కంప్యూటరు తయారీ విభాగానికి ఆయనే అధికారి. నేను ఆయన దగ్గర టైపిస్టును. మా అమ్మ రాహేలు బడిపంతులమ్మ, నాన్న లేడు. అమ్మ వెళ్ళి అడిగితే రావుగారు నాకు ఆ ఉద్యోగం వేయించాడు. ఆరు నెలలకోసారి ఆయన సంతకంతో పొడిగించే ఉద్యోగం. మూడోవాడు మాల్యాద్రి. నంద్యాలలో డిప్లొమా చదివి, టెక్నీషియన్‌గా చేరి, రోజంతా బోర్డుల మీద సోల్డరింగు చేసేవాడు. నాకంటే నాలుగేళ్ళు చిన్న. మొదటిరోజే "నువ్వు మన గిద్దలూరంట గదక్కా" అని పలకరించాడు. హైదరాబాదులో నన్ను అక్కా అని పిలిచిన మొదటి మనిషి అతనే.

కంప్యూటరు సంగతి ఒక్క ముక్కలో చెబుతాను, విసుక్కోకండి. దానికి చిన్న చిన్న పనులే తెలుసు. ఈ అంకె ఎత్తు, అక్కడ పెట్టు, రెండూ కలుపు, సున్నా అయిందేమో చూడు. అంతే. మనుషులు అట్లా రాయలేరు కదా, వాళ్ళ కోసం ఫోర్ట్రాన్ అనే భాష ఉంది. సి ని డి తో గుణించి బి కి కలుపు అని అందులో ఒక్క వరసలో రాయొచ్చు. ఈ పని వంద సార్లు చెయ్యి అని ఇంకో వరసలో రాయొచ్చు. ఆ వరసల్ని చిన్న పనులుగా విడగొట్టడానికి మధ్యలో ఒక అనువాదకుడు కావాలి, అదీ ఒక ప్రోగ్రామే. మా మిషను జ్ఞాపకంలో నాలుగు వేల అంకెలు పడతాయి. ఆ అనువాదకుడొక్కడే మూడు వేల చోట్లు మింగి కూర్చునేవాడు. ఇక లెక్కకు చోటేదీ?

రావుగారు రెండేళ్ళు ఈ గోడకే తల కొట్టుకున్నాడు. ఢిల్లీ నుంచి ఉత్తరం మీద ఉత్తరం వచ్చేది. ఉత్తరాలన్నీ నేనే ఫైలు చేసేదాన్ని కనుక ఆయన మెడ మీద కత్తి ఎంత దగ్గరికొచ్చిందో నాకు తెలుసు.

ఇంతలో అరవై తొమ్మిది వచ్చింది. హైదరాబాదులో తెలంగాణ ఉద్యమం గొడవలు. మా ప్రాంతం వాళ్ళు చాలామంది ఇళ్ళకు వెళ్ళిపోయారు. ల్యాబుకు తాళం వేసి, పరిస్థితి చక్కబడేదాకా ఇంటి దగ్గరే పని చేసుకోమన్నారు. కంప్యూటరు పని ఇంటి దగ్గరేంది, నా తలకాయ! అయినా ముగ్గురం రైలెక్కాం. రావుగారు, నేను గిద్దలూరులో దిగాం. మాల్యాద్రి మార్కాపురం రోడ్డు దాకా పోయాడు.

మూడు వారాలకు మాల్యాద్రి మా ఇంటి ముందు ప్రత్యక్షమయ్యాడు.

"అక్కా, సార్‌ను తీసుకొని మా షెడ్డుకు రావాల. అనువాదకుడు అక్కర్లేదు."

"అక్కర్లేకపోవడమేందిరా?"

"మిషనుకే ఆ మాటలు నేర్పిస్తే మధ్యలో వాడెందుకు?"

వాళ్ళ నాయన అంకన్న పలకల ఫ్యాక్టరీలో రాయి చీల్చేవాడు. అమ్మ పోలేరమ్మ అదే షెడ్డులో పలకలు నునుపు చేసేది. ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఉంటారు. ఒకామె నీళ్ళు పోసి రాయి రుద్దుతుంది, పక్కామె అంచులు సరిచేస్తుంది, ఆ పక్కామె చట్రం బిగిస్తుంది. ఎడమ చేతి వైపు ఒక దొంతి, కుడి చేతి వైపు ఒక దొంతి. ఏ పలక తీయాలని ఎవరూ ఎవర్నీ అడగరు. పైనున్నది ఎత్తడం, తన పని చేయడం, పక్క దొంతి మీద పెట్టడం. చిన్నప్పటి నుంచీ ఆ షెడ్డులో పాకిన మాల్యాద్రికి అందులో కంప్యూటరు కనిపించింది. రావుగారికి బొంబాయిలో కనిపించలేదు మరి.

మేం వెళ్ళేసరికి అతను మూడు పలకల మీద బలపంతో రెండు, మూడు, నాలుగు అని రాసి ఒకదాని మీద ఒకటి పెట్టాడు. చట్రం బిగించే లక్ష్మమ్మను పిలిచాడు.

"అత్తా, గుణించు అంటే పై రెండూ ఎత్తి, గుణించి, వచ్చింది ఒక పలక మీద రాసి మళ్ళ పైన పెట్టాల. కలుపు అన్నా అంతే, పై రెండే."

"మూడు నాలుగ్ల పన్నెండు, ఒక డజను" అని లక్ష్మమ్మ గబుక్కున పెట్టేసింది. పలకలు డజన్లలోనే లెక్కపెడతారు కదా. కలుపు అనగానే మళ్ళీ రెండూ ఎత్తి, "డజనూ రెండు, పద్నాలుగు" అంది.

"అయిపోయింది సార్" అన్నాడు మాల్యాద్రి. "అంకె ఎక్కడుందో, వచ్చింది ఎక్కడ పెట్టాలో చెప్పే పనే లేదు. ఫోర్ట్రాన్ వరస ఉన్నదున్నట్టు మిషన్‌లోకి పోతుంది."

"దీనికి బొంబాయి పోయి చదవాల్నా సార్?" అని లక్ష్మమ్మ నవ్వింది. షెడ్డంతా నవ్వింది. రావుగారు మాత్రం నవ్వలేదు. ఆ దొంతి ముందు చెప్పులు విడిచి, ఆ రాతిపొడిలోనే బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"తమ్ముడూ, మళ్ళ మొదటినుంచి చెప్పు" అన్నాడు. అప్పటిదాకా మాల్యాద్రిని ఆయన తమ్ముడూ అనలేదు.

అక్కడినుంచి నాలుగు నెలలు రావుగారు, నేను పొద్దున రైల్లో మార్కాపురం వెళ్ళి, రాత్రికి గిద్దలూరు వచ్చేవాళ్ళం. కంప్యూటరు లోపల మైక్రోకోడు బోర్డని ఒకటుంటుంది. ఒక్కో ఆదేశానికి కరెంటు దారుల్లో ఏ తలుపులు ఏ వరసలో తెరుచుకోవాలో డయోడ్లనే గింజంత పార్టులతో కట్టి ఉంచుతారు. మాది రెండు వందల యాభై ఆరు వరసలు, వరసకు నలభై గడులు. గడిలో డయోడు ఉంటే తలుపు తెరుచుకుంటుంది, లేకపోతే లేదు. మాల్యాద్రి ఆ వరసల్ని పలకల మీద గళ్ళు గీసి చుక్కలు పెట్టేవాడు. పలకకు ఎనిమిది వరసలు. గుణకారానికి కొన్ని, వంద సార్లు తిరిగి రావడానికి కొన్ని, పట్టికలో పదిహేడో అంకె వెతికి తేవడానికి కొన్ని. ఒక చుక్క మారిస్తే ఇంకో ఇరవై మారాలి. తుడుస్తాడు, పెడతాడు, మళ్ళీ తుడుస్తాడు. కాగితమైతే రోజుకో దస్తా చిరిగిపోయేది.

ఇక్కడే ఉంది అసలు సంగతి. ఆ పలకలు మావి కావు, ఫ్యాక్టరీ యజమాని రంగనాయకులు శెట్టివి. అమ్మకానికి తయారైన సరుకు. అంకన్న బతిమాలితే ఆయన ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. పగలంతా రాసుకోండి, సాయంత్రం మూట కట్టే వేళకు పలక కొత్త పెళ్ళికూతురిలా ఉండాల, ఒక్క గీత కనపడినా ఊరుకోను అన్నాడు. ఆ షెడ్డులో పుట్టి పెరిగినవాళ్ళకు అది చెప్పాల్సిన పని కూడా లేదు. రాసి ఉన్న పలకను పెట్టెలోకి పంపడమంటే వాళ్ళకు తలవంపులు. నాలుగింటికల్లా తడిగుడ్డ పట్టుకునేవాళ్ళు.

అందుకని ఆ రోజుకు కుదిరిన వరసల్ని మధ్యాహ్నం మూడింటికి నేను పలక చూసి పైకి చదివేదాన్ని. చుక్క, ఖాళీ, ఖాళీ, చుక్క. రావుగారు గ్రాఫు కాగితం మీద ఎక్కించేవాడు.

"నేను రాస్తా సార్" అన్నాడు మాల్యాద్రి మొదట్లో.

"నీ రాత కోడి గెలికినట్టు ఉంటుంది గదరా తమ్ముడూ. నువ్వు ఆలోచించు, రాయడం నాకొదిలెయ్" అన్నాడు రావుగారు ముద్దుగా. ఎంత ముద్దుగా అన్నాడో!

కాగితం మీదికి ఎక్కగానే పలక తుడిచేసేదాన్ని. అవును, నేనే. పోలేరమ్మ తడిగుడ్డ అందించేది, నేను తుడిచేదాన్ని. అట్లా నాలుగు నెలల పని నా చేత్తో తుడిచి పెట్టెల్లో పెట్టించాను. అవి ఏ ఊరి బడికి పోయాయో, ఏ పిల్లలు దిద్దుకున్నారో!

రావుగారు మంచివాడు కాదని నేను ఇప్పుడంటే ఎవరూ నమ్మరు. అప్పుడైతే నేనే నమ్మేదాన్ని కాదు. కరణంగారి అబ్బాయి, పోలేరమ్మ చేతి జొన్నరొట్టె, చింతచిగురు పప్పు ఆ షెడ్డులో నలుగురిలో కూర్చుని తినేవాడు. వాళ్ళ నాన్నైతే ఆ గుమ్మం కూడా తొక్కడు. పోలేరమ్మకు అంతకంటే ఏం కావాలి? ఆమె కళ్ళల్లో ఆయన దేవుడైపోయాడు. ఒకరోజు వడ్డిస్తూ అడిగింది.

"మా వోని పేరు రాస్తావు గదా నాయనా?"

"అమ్మా, రిపోర్టులో మొదటి పేరు వానిదే, తర్వాతే నాది. ఆ పేరొక్కటి ఉంటే డిప్లొమా వోడని ఎవరూ అనలేరు. డిజైన్ ఇంజనీరు పోస్టు ఇయ్యాల్సిందే. నీ చేతి కూడు తింటన్నా, అబద్ధం చెప్తానా?"

మాల్యాద్రి తల వంచుకుని రొట్టె తుంచుతున్నాడు, చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. ఆ పేరు లేకపోతే తను బతికినన్నాళ్ళూ సోల్డరింగు బల్లకే అతుక్కుని ఉండాలని అతనికి తెలుసు. ఉంటే లోపలి గదిలో కుర్చీ. అతను కోరుకున్నది ఆ ఒక్క పేరే.

దసరా తర్వాత ల్యాబు తెరిచారు. గ్రాఫు కాగితాలన్నీ రావుగారి బీరువాలోకి వెళ్ళాయి. రిపోర్టు నాకు ముక్కలు ముక్కలుగా ఇచ్చాడు, ఈ అధ్యాయం ఒక వారం, ఆ అధ్యాయం ఒక వారం. అట్ట మీది పేజీ మాత్రం చివర్లో ఇచ్చాడు. పైన రిపోర్టు పేరు, కింద రాసినవాళ్ళ పేరు. ఒకటే పేరు. చంద్రశేఖరరావు. చివరిపేజీలో కృతజ్ఞతల కింద, బోర్డుల పనిలో సాయపడిన సాంకేతిక సిబ్బందికి అని ఒక వరస. మాల్యాద్రి అన్న మూడు అక్షరాలు వెతికినా లేవు.

"సార్, మాల్యాద్రి పేరు..." అన్నాను.

"ఢిల్లీ వాళ్ళు ఒప్పుకోరమ్మాయీ. టెక్నీషియన్ పేరు పెడితే డిజైన్ మీదే అనుమానం వస్తుంది. తర్వాత చూద్దాంలే" అన్నాడు. నేను టైపు చేశాను.

మాల్యాద్రికి ఆ సంగతి రిపోర్టు అచ్చై వచ్చాక తెలిసింది. బల్ల మీద పెట్టుకుని అట్ట చూశాడు, చివరిపేజీ చూశాడు, మళ్ళీ అట్ట చూశాడు. నోట్లో నాలుక లేని మనిషి, రావుగారి గదిలోకి నేరుగా నడిచాడు. నేను బయటే ఉన్నాను. తలుపు సగం తెరిచి ఉంది.

"అన్నా, మా ఇంటి అన్నం తిన్నావు గదన్నా" అన్నాడు.

"ఆవేశపడొద్దు. నువ్వు రాసినట్టు ఒక్క కాగితమైనా ఉంటే తీసుకురా, నేనే పేరు చేరుస్తా" అన్నాడు రావుగారు. నిదానంగా, పంతులుగారు పిల్లాడికి చెప్పినట్టు. నాలుగు నెలలు ఆ షెడ్డులో కూర్చుని తింటూ, ఆ తడిగుడ్డను చూస్తూ, ఈ మాట ఎప్పుడు సిద్ధం చేసుకున్నాడో!

మాల్యాద్రి పైవాళ్ళకు ఫిర్యాదు రాశాడు. పై ఏడాది వేసవిలో విచారణ పెట్టారు, బయటినుంచి ముగ్గురు పెద్దలు. నువ్వే రాశావనడానికి రుజువేదని అడిగారు.

"పలకల మీద రాసినా సార్."

"ఏవీ ఆ పలకలు?"

"అమ్మేసినారు."

ముగ్గురూ నవ్వారు. బలపం ఇవ్వండి, ఇక్కడే రాసి చూపిస్తానన్నాడు. ఇన్నాళ్ళూ రిపోర్టులో ఆ గ్రాఫు షీట్లే చూస్తున్నావు, బట్టీ పట్టి ఉంటావన్నారు. షెడ్డులో అందరూ చూశారంటే, వాళ్ళు నీవాళ్ళే గదా అన్నారు. అతను గుమ్మం వైపు చూశాడు. "లీదియక్కను అడగండి సార్. పలకలు చదివిందే ఆమె" అన్నాడు.

నన్ను పిలిచారు. ఆ వారంలోనే నా ఉద్యోగం పొడిగింపు కాగితం రావుగారి బల్ల మీద ఉంది. ఈసారి ఆరు నెలలకు కాదు, పర్మనెంటుకు. సంతకం కాలేదు. ఇంట్లో అమ్మకు చూపు తగ్గి బడి మానేసి అప్పటికి ఏడాది.

"మీకు టైపుకు ఇచ్చిందెవరు?"

"చంద్రశేఖరరావు గారు."

"ఎవరి చేతిరాత?"

"ఆయనదే."

"ఈయన చేతిరాతలో ఒక్క కాగితమైనా చూశారా?"

"లేదండి."

"ఇంకేమైనా చెప్పేదుందా?"

ఆ గదిలో ఫ్యాను తిరుగుతోంది. మాల్యాద్రి నన్నే చూస్తున్నాడు. వాడి మొహంలో భయం లేదు, అదే నన్ను ఇప్పటికీ చంపుతుంది. అక్క చెబుతుంది కదా అన్న ధీమాతో కూర్చున్నాడు.

"లేదండి" అన్నాను.

బయటికొచ్చాక వరండాలో నా ఎదురుగా నిలబడ్డాడు. తిట్టు, కొట్టు, ఏదైనా చెయ్యి అనుకున్నాను.

"నువ్వు అబద్ధం చెప్పలేదులే అక్కా" అన్నాడు. "అన్నీ నిజాలే చెప్పినావు." అని బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు. నా ఉద్యోగం ఆ శుక్రవారం పర్మనెంటయింది.

అంతటితో వదిలేసి వెళ్ళిపోవాల్సింది కదా! వెళ్ళలేదు. ఎందుకంటే అప్పుడే అసలు బోర్డు కట్టడం మొదలైంది. రావుగారి షీట్లు ముందు పెట్టుకుని, తను పుట్టించిన వరసల్ని తనే ఒక్కొక్క డయోడుగా అతికించాలి. డ్రాయింగులో ఉన్నది ఉన్నట్టు చేయడమే టెక్నీషియన్ పని, ఆలోచించకూడదు. మూడు నెలలు అట్లా తల వంచుకుని అతికించాడు. నాతో మాట్లాడలేదు. అన్నం వేళ వేరే బల్లకు మారాడు.

ఒకరోజు ఉన్నట్టుండి నా దగ్గరికి షీటు పట్టుకొచ్చాడు.

"నూట నలభై మూడో వరసలో ఒక చుక్క పక్క గడికి జరిగింది. ఆ రోజు శెట్టి మనుషులు మూటలకు తొందర చేసినారు, నువ్వు గబగబా చదివినావు."

నాకు గుర్తొచ్చింది. జరిపింది నేనే. వంద సార్లు చెయ్యి అన్న ఆదేశంలో వంద అయిందా లేదా అని చూసే వరస అది. చుక్క తప్పితే లెక్క ఎప్పటికీ ఆగదు, తిరుగుతూనే ఉంటుంది.

"రావుగారికి చెప్పావా?"

"చెప్పినా. పైవాళ్ళ సంతకాలైన డ్రాయింగు, ఇప్పుడు మారిస్తే లేనిపోని ప్రశ్నలొస్తాయి, ఉన్నట్టే కట్టమన్నాడు. తప్పని ఆయనకు నమ్మకం లేదు." షీటు వైపు చూస్తూ, "ఆయనకు అర్థమైతే గదా నమ్మేది" అన్నాడు.

"నువ్వూ ఉన్నట్టే కట్టెయ్" అన్నాను కోపంగా. "ఢిల్లీ వాళ్ళ ముందు ఆగిపోనీ. అప్పుడు తెలుస్తుంది ఎవరు రాశారో. ఆయన చచ్చినా సరిచేయలేడు."

నిజంగానే అన్నాను. విచారణలో నోరు మూసుకున్న నేను, ధైర్యమంతా వాణ్ణి చూపించమన్నాను! మాల్యాద్రి షీటు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మిషనేం పాపం చేసిందక్కా? దానికి తప్పు మాట నేర్పాల్నంటే నాకు చెయ్యి రాదు."

అతను డయోడును సరైన గడిలోనే పెట్టాడు.

ఢిల్లీ వాళ్ళు వచ్చారు. ఒకటి నుంచి వంద దాకా అంకెల వర్గాలన్నీ కలపమని ఫోర్ట్రాన్‌లో నాలుగు వరసలు కొట్టారు. టెలిప్రింటరు టకటకలాడి మూడు లక్షల ముప్పై ఎనిమిది వేల మూడు వందల యాభై అని వేసి ఆగింది. ఒకాయన చేత్తో లెక్క చేసుకుని సరిపోయిందన్నాడు. చప్పట్లు. రావుగారి మెడలో దండ. మాల్యాద్రి వెనక తలుపు దగ్గర నిలబడి, మనుషుల్ని కాదు, ఆ కాగితాన్నే చూస్తున్నాడు. ఆ క్షణం అతను సంతోషంగా ఉన్నాడు. ఆ మాట భ్రమరాంబకు చెప్పాలి.

నెల తర్వాత ఢిల్లీ తనిఖీ వాళ్ళు బోర్డును డ్రాయింగుతో పోల్చారు. అక్కడంతా నియమం ప్రకారమే మరి. పదివేల గడుల్లో ఒక వరసలో తేడా కనిపించింది. డ్రాయింగు ప్రకారం లేదు అని రాసి రావుగారికి పంపారు.

ఆ కాగితం నా చేతుల మీదుగానే లోపలికి వెళ్ళింది. రుజువు! ఇన్నాళ్ళూ ఏదీ ఏదీ అన్న రుజువు ఇదిగో, తనిఖీ వాళ్ళే పట్టుకొచ్చి ఇచ్చారు. డ్రాయింగు తప్పు, బోర్డు ఒప్పు. డ్రాయింగు గీసినవాడికి తెలియనిది అతికించినవాడికి తెలిసిందంటే రాసిందెవరు? చిన్నపిల్లాడికైనా అర్థమవుతుంది. ఢిల్లీకి ఒక్క ఉత్తరం ముక్క చాలు. ఆ చుక్క జరిపింది నేను, పలక మీద సరిగానే ఉండింది, ఆ పలక మాల్యాద్రిది అని. నా ఉద్యోగం అప్పటికి పర్మనెంటు. నన్నెవరూ తీసెయ్యలేరు.

రావుగారు బెల్లు కొట్టాడు. లోపలికి వెళ్తే చేతిరాత కాగితం నా ముందుకు తోశాడు. టెక్నీషియన్ మాల్యాద్రి ఆమోదించిన డ్రాయింగును ధిక్కరించి ప్రభుత్వ సొత్తులో మార్పు చేసినందుకు సంజాయిషీ ఇవ్వాలి, అప్పటిదాకా ఇంక్రిమెంటు నిలిపివేత, ఇకపై డిజైన్ గదిలోకి ప్రవేశం లేదు. మాల్యాద్రి ఉద్యోగం వదిలేసి ఊరికి వచ్చింది ఈ కాగితం అందుకున్నాకే.

"సార్, అది తప్పు కాదు కదా. మీకు చెప్పాడు కదా" అన్నాను. ఆ మాత్రం అన్నాను, దేవుడి సాక్షిగా.

ఆయన తలెత్తలేదు. "డ్రాయింగులో తప్పుందంటే ఎట్లా వచ్చిందని అడుగుతారు లీదియా. చదివింది నువ్వు గదా" అన్నాడు మెల్లగా. "నీ మీదికి రానియ్యను. పో, టైపు చెయ్యి."

నా బల్ల దగ్గరికి వచ్చాను. కిటికీలోంచి మాల్యాద్రి కనిపిస్తున్నాడు, ఇంకేదో బోర్డు మీద వంగి ఉన్నాడు. మూడు కాగితాలు, రెండు కార్బన్లు సరిచేసి టైపు మిషన్‌లో పెట్టాను. నంబరు, తేదీ, విషయం. మాల్యాద్రి పేరు పైన, పెద్ద అక్షరాలతో. ఇన్నేళ్ళలో ఆ మిషను మీద అతని పేరు కొట్టడం అదే మొదటిసారి. ఒక్క అక్షరం తప్పు పోలేదు.